ఎర్రపువ్వు పాట: 1919 నాటి ఒక మూకీ ప్రేమకథను ఎలా చూడాలి

స్వీడన్‌లో 1919 ఏప్రిల్‌లో ఒక మూకీ ప్రేమకథ విడుదలైంది. స్వీడిష్‌లో దాని పేరు ‘సాంగెన్ ఓమ్ డెన్ ఎల్డ్‌రోదా బ్లుమ్మన్’. ఇంటర్నెట్‌లో వెతకాలంటే ‘ది సాంగ్ ఆఫ్ ది స్కార్లెట్ ఫ్లవర్’ అనే ఇంగ్లీషు పేరుతో వెతకండి. ఇక్కడ మాత్రం ‘ఎర్రపువ్వు పాట’ అనుకుందాం. దర్శకుడు మౌరిట్జ్ స్టిల్లర్. తరువాత హాలీవుడ్ తార అయిన గ్రేటా గార్బోను ప్రపంచానికి పరిచయం చేసినవాడిగా ఆయన పేరు కొందరికి తెలుసు, కానీ అంతకు ఐదేళ్ల ముందే తీసిన ఈ సినిమా సంగతి సినిమా చరిత్ర చదివేవారిలో కూడా చాలామందికి తెలియదు. ఫిన్లాండ్ రచయిత యోహన్నెస్ లిన్నన్‌కోస్కి 1905లో రాసిన నవల దీనికి ఆధారం.

ఇంత పాత సినిమాను, అందులోనూ మాటలు లేనిదాన్ని, మొదటిసారి చూసేవారు సాధారణంగా పావుగంటలో ఆపేస్తారు. తప్పు వారిది కాదు. ఎలా చూడాలో ఎవరూ చెప్పకపోవడమే కారణం. ఈ సినిమా విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. పైకి ఇది ఊరూరా ఒక అమ్మాయిని ప్రేమించి వదిలేసి పోయే అందగాడి కథలా కనిపిస్తుంది. అలాగే చూస్తే ఆ కుర్రాడి మీద విసుగు పుడుతుంది. అలా కాకుండా, వదిలి వచ్చినవారికి అతడు జవాబు చెప్పుకోవలసి వచ్చే కథగా చూడండి. అప్పుడు మొదటి సగంలోని ప్రతి చిరునవ్వుకూ బరువు వస్తుంది. నేను కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క చూపు కోసమే.

ముందు సరైన సినిమాను వెతికి పట్టుకోండి

ఈ నవలను ఐదుసార్లు సినిమాగా తీశారు: 1919, 1934, 1956లలో స్వీడన్‌లో, 1938, 1971లలో ఫిన్లాండ్‌లో. అన్నింటి పేర్లూ దాదాపు ఒకటే కాబట్టి వెతికేటప్పుడు పొరపాటు పడడం చాలా తేలిక. మీకు కావలసింది స్టిల్లర్ తీసిన 1919 నాటిది. నాయకుడు ఓలోఫ్‌గా లార్స్ హాన్సన్, నాయిక క్యుల్లిక్కిగా ఎడిత్ ఎరాస్టోఫ్ నటించారు. ఈ రెండు పేర్లు కనిపిస్తే సరైనదే దొరికినట్టు.

తరువాత నిడివి చూడండి. పునరుద్ధరించిన ప్రతి సుమారు గంటా నలభై నిమిషాలు ఉంటుంది. గంటా పావుకే ముగిసే ప్రతి దొరికితే రెండు అనుమానాలు పెట్టుకోవాలి: కొన్ని దృశ్యాలు ఎగిరిపోయి ఉండాలి, లేదా సినిమాను తప్పు వేగంతో నడిపి ఉండాలి. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు పదహారు నుంచి ఇరవై దాకా ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు, పడేవి. టాకీలు వచ్చాక అది ఇరవై నాలుగుగా స్థిరపడింది. సెకనుకు పద్దెనిమిది ఫ్రేములతో తీసిన నూరు నిమిషాల సినిమాను ఇరవై నాలుగుతో నడిపితే డెబ్బై ఐదు నిమిషాలకే అయిపోతుంది. మనుషులు గబగబా పరుగులు తీస్తున్నట్టు, ఏడుపు కూడా హాస్యంలా కనిపిస్తుంది. మూకీల మీద చాలామందికి ఉన్న చులకన భావం ఈ తప్పు వేగం వల్లనే వచ్చిందని నా నమ్మకం. మీకు దొరికిన వీడియోలో నడక సహజంగా లేకపోతే, ప్లేయర్‌లో వేగాన్ని ముప్పావుకు తగ్గించి చూడండి. ఓలోఫ్ నడక ఒక యువరైతు నడకలా అనిపించే చోట ఆపండి.

ఇక సంగీతం. ఈ సినిమా కోసం ప్రత్యేకంగా ఆర్కెస్ట్రా సంగీతాన్ని స్వరపరిచినవాడు ఆర్మాస్ యార్నెఫెల్ట్. ఫిన్లాండ్‌కు చెందిన ఆయన అప్పట్లో స్టాక్‌హోమ్ రాయల్ ఒపెరాలో సంగీత నిర్వాహకుడు. మహా స్వరకర్త సిబేలియస్‌కు బావమరిది కూడా. ఒక సినిమా కోసం పూర్తి నిడివి సంగీతాన్ని కొత్తగా రాయించడం ఆ కాలానికి పెద్ద మాట. యార్నెఫెల్ట్ సంగీతం ఉన్న ప్రతి దొరికితే వేరే ఆలోచన లేకుండా దాన్నే చూడండి. దొరకకపోతే, ఏదో పియానో ముక్కను తెచ్చి అతికించిన వీడియోలో ధ్వనిని పూర్తిగా ఆపేసి చూడడమే మేలు. కథకు సంబంధం లేని సంగీతం మన కన్నీటిని తప్పు చోట తెప్పిస్తుంది.

నవలను సగం వరకే చదవండి

నవల చదివి సినిమా చూడాలా, సినిమా చూసి నవల చదవాలా అన్నది పాత వాదన. ఈ సినిమాకు మాత్రం నా సలహా వేరు. నవలలో మొదటి సగాన్ని ముందు చదవండి, మిగతా సగాన్ని సినిమా చూశాక చదవండి. 1920ల తొలినాళ్లలో వెలువడిన ఇంగ్లీషు అనువాదం ‘ది సాంగ్ ఆఫ్ ది బ్లడ్ రెడ్ ఫ్లవర్’ పాత పుస్తకాల వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. భాష పాతబడినా చదవడం కష్టం కాదు.

ఇలా ఎందుకు విడగొట్టమంటున్నానంటే, నవల నడక అలాంటిది. లిన్నన్‌కోస్కి పొట్టి పొట్టి అధ్యాయాలు రాశాడు. నాయకుడు, ఫిన్నిష్ మూలంలో అతడి పేరు ఓలవి, కలిసిన అమ్మాయిలకు సొంత పేర్లు కాకుండా పూల పేర్లు, జంతువుల పేర్లు పెట్టి పిలుస్తాడు. చదువుతుంటే మొదట అది ముద్దుగా ఉంటుంది. నాలుగో పేరు వచ్చేసరికి అతడు ఎవరినీ అసలు పేరుతో చూడడం లేదని మనకు అర్థమవుతుంది. ఈ ఎరుకను మనసులో పెట్టుకుని సినిమాకు వెళ్లాలి. నవల రెండో సగం పెళ్లి తరువాతి జీవితం. వెనక వదిలేసినవన్నీ కొత్త ఇంటి గడప దాకా నడిచి రావడం, కష్టపడి భూమిని బాగుచేసి ఇల్లు కట్టుకున్నా మనసు కుదుటపడకపోవడం అందులో ఉంటాయి. స్టిల్లర్, అతడితో కలిసి స్క్రీన్‌ప్లే రాసిన గుస్టాఫ్ మొలాండర్ ఆ భాగాన్ని దాదాపుగా వదిలేశారు. వదిలేసినదాన్ని ముందే చదివితే, తెర మీద లేనిదాన్ని వెతుక్కుంటూ ఉన్నదాన్ని చూడలేకపోతాం.

నాయిక పేరు గురించి ఒక మాట తెలిసి ఉండాలి. క్యుల్లిక్కి అనే పేరు ఫిన్లాండ్ జానపద మహాకావ్యం ‘కలేవల’ నుంచి వచ్చింది. ఎలియాస్ లోన్‌రోట్ జానపద గీతాలను కూర్చి 1835లో తొలిసారి ప్రచురించిన ఆ కావ్యంలో, లెమ్మింకైనెన్ అనే దుడుకు వీరుడు ద్వీపంలోని అమ్మాయిలందరినీ వలపించి, తనకు లొంగని క్యుల్లిక్కిని ఎత్తుకుపోతాడు. ఫిన్లాండ్ పాఠకుడికి నాయిక పేరు వినగానే ఆ కథ గుర్తుకు వస్తుంది. అయితే ఇక్కడి క్యుల్లిక్కిని ఎవరూ ఎత్తుకుపోలేరు. రావాలో వద్దో ఆమే నిర్ణయించుకుంటుంది. పాత కథను తిప్పి రాసిన ఆ ధైర్యం నవలదే అయినా, తెర మీద ఎడిత్ ఎరాస్టోఫ్ దానికి వెన్నెముక ఇచ్చింది.

దుంగలవాళ్లు ఎవరో తెలుసుకోండి

ఈ ఒక్క సంగతి తెలియకపోతే సినిమాలో అసలు గొడవ అర్థం కాదు. ఉత్తర దేశాల అడవుల్లో చలికాలమంతా చెట్లు నరికి, మంచు కరిగి ఏరు పొంగే వేళకు దుంగలను నీటిలోకి తోసేవారు. అవి దిగువన ఉన్న కోత మిల్లుల దాకా కొట్టుకుపోవాలి. దారిలో రాళ్లకు అడ్డుపడి పోగుపడతాయి కాబట్టి, పొడవాటి కొక్కేల కర్రలతో వాటిని విడదీస్తూ, దుంగ మీద నుంచి దుంగ మీదకు దూకుతూ కూలీల జట్లు ఏటి వెంట ఊరూరా సాగేవి. మన దగ్గర పాపికొండల మీదుగా వెదురు తెప్పలను రాజమండ్రి వైపు నడిపిన గోదావరి పనివారి సంగతి విన్నవారికి ఈ బతుకు కొత్తగా అనిపించదు.

ఇప్పుడు భూమి ఉన్న రైతు కళ్లతో ఈ జట్లను చూడండి. వాళ్లకు ఇల్లు లేదు, ఊరు లేదు, రేపు ఎక్కడ ఉంటారో తెలియదు. వచ్చిన వారం రోజులు పాటలు, ఆటలు, తరువాత ఖాళీ గట్టు. అలాంటివాడికి పిల్లనిచ్చే పెద్ద రైతు ఎవరుంటారు? క్యుల్లిక్కి తండ్రి మొండితనానికి మూలం ఇదే. కథలోని చురుకంతా ఎక్కడుందంటే, ఓలోఫ్ నిజానికి పెద్ద రైతు ఇంటి బిడ్డే. ఇంట్లో పనిచేసే అమ్మాయితో దొరికిపోయి, తండ్రితో తలపడి, ఇల్లు విడిచి వచ్చాడు. తన వంశం పేరు చెప్పి పిల్లను అడగవచ్చు. చెప్పడు. నన్ను నన్నుగా ఇష్టపడండి అన్నది అతడి పంతం. ఊరూరా అమ్మాయిలను వాళ్ల పేర్లతో కూడా పిలవని మనిషికి ఈ పంతం ఎంతవరకు తగును అన్న ప్రశ్నను సినిమా నోరు విప్పి అడగదు. మీరు అడగండి.

కాలం కూడా గుర్తుంచుకోండి. నవల వచ్చినప్పుడు ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. 1917 డిసెంబరులో స్వాతంత్ర్యం, 1918లో అంతర్యుద్ధం. ఆ మరుసటి ఏడాదే పొరుగున స్వీడన్‌లో ఈ సినిమా విడుదలైంది. స్టిల్లర్ హెల్సింకిలో పుట్టినవాడు. ఎరాస్టోఫ్ కూడా అక్కడివారే. అంటే స్వీడిష్ సినిమా అన్న ముద్ర వెనక ఫిన్లాండ్ మనుషుల చేతులు చాలా ఉన్నాయి.

మొదటి చూపులో ఆపకండి, రాసుకోకండి

సాయంత్రం పూట, గదిలో వెలుగు తగ్గించి, ఫోను దూరంగా పెట్టి ఒకే విడతలో చూడండి. మూకీ చూసేటప్పుడు చెవులకు పని ఉండదు కాబట్టి మనసు పక్కకు జారుతుంది. మొదటి పది నిమిషాలు ఓపిక పడితే కళ్లే చెవుల పని కూడా అందుకుంటాయి. దృశ్యాల మధ్య మాటలు రాసి చూపే టైటిల్ కార్డుల కింద ఇంగ్లీషు ఉపశీర్షికలు ఉంటే వాటిని ఒక్కసారి చదివి వదిలేయండి. నవలలోని మాటలను కార్డుల్లో వెతకడం వృథా శ్రమ.

మరో చిన్న సంగతి మీ కంటిని సిద్ధం చేస్తుంది. ఆ కాలపు ఫిలిం నీలానికి, కొంతవరకు ఆకుపచ్చకు మాత్రమే స్పందించేది. ఎరుపు దానికి దాదాపుగా కనిపించదు. ఎర్రనిది ఏదైనా తెర మీద నల్లగా పడుతుంది. నీలాకాశం తెల్లబడిపోతుంది. నీలి కళ్లు పాలిపోయినట్టు, ఒక్కోసారి గాజులా మెరుస్తూ కనిపిస్తాయి. ఎర్రపువ్వు పేరు పెట్టుకున్న సినిమాను ఎరుపును చూడలేని ఫిలిం మీద తీశారు! ఈ సంగతి తెలిశాక నేను ఈ సినిమాను వేరుగా చూశాను. రంగు లేని చోట దర్శకుడు ఆ మంటను ఎక్కడ పెట్టాడని వెతకడం మొదలుపెట్టాను. నీళ్లలో పెట్టాడు.

అన్నట్టు, మీ ప్రతిలో దృశ్యాలు కొన్ని నీలంగా, కొన్ని లేత పసుపుగా కనిపిస్తే అది వీడియో లోపం కాదు. రాత్రికి నీలం, దీపకాంతికి పసుపు వంటి అద్దకాలు ఆ రోజుల్లో మామూలే.

ఏటి దృశ్యాన్ని మూడుసార్లు చూడండి

సినిమాకు పేరు తెచ్చిన దృశ్యం ఇది. ఊరంతా చూస్తుండగా ఓలోఫ్ ఒకే ఒక దుంగ మీద నిలబడి, రాళ్ల మధ్య నురగలు కక్కుతూ దూకే ప్రవాహంలో దిగువకు సాగుతాడు. స్టూడియో తొట్టెలో తీసినది కాదు. నిజమైన ఏరు, నిజమైన ఉరవడి.

సినిమా పూర్తయ్యాక ఈ దృశ్యానికి మళ్లీ రండి. మొదటిసారి ఓలోఫ్ పాదాలను మాత్రమే చూడండి. మోకాళ్లు ఎక్కడ వంగుతున్నాయి, కర్ర ఎటు ఒరుగుతోంది, దుంగ తిరిగినప్పుడు శరీరం దానికి ఎలా లొంగుతోంది. ఇది నటన అనే మాటకు అందని సంగతి. ఆ కాలపు బరువైన చెక్క కెమెరాల ముందు ఒక మనిషి నీటి మీద నిలబడి చేసినది.

రెండోసారి కెమెరా ఎక్కడుందో ప్రతి షాటుకూ అడగండి. గట్టు మీదా, నీటి మీదా, దూరంగానా, దగ్గరగానా? ఏరు మనకు ఎదురుగా వస్తోందా, మననుంచి దూరం పోతోందా? షాటు మారినప్పుడల్లా మీ శ్వాస ఎలా మారుతోందో గమనించండి. ఛాయాగ్రాహకుల్లో ఒకరైన హెన్రిక్ యెన్‌జోన్, ఆయన అన్న యూలియస్ ఆ తరం స్వీడిష్ సినిమాకు కళ్లలాంటివారు. ప్రకృతిని కథలో ఒక పాత్రలా తీయడంలో ఆ తరం స్వీడన్ దర్శకులు, ఛాయాగ్రాహకులు ముందున్నారు. కొండలు, సముద్రం, మంచు వాళ్ల సినిమాల్లో అలంకారాలు కావు, మనిషి మీద ఒత్తిడి పెట్టే శక్తులు.

మూడోసారి గట్టును చూడండి. ఇది చాలామంది వదిలేసేది. పరుగెత్తే జనం, వాళ్ల మధ్య క్యుల్లిక్కి. ఆమె ముఖంలో భయం ఉంది, మెప్పు ఉంది, కానీ వాటి వెనక కొంచెం కోపం కూడా నాకు కనిపిస్తుంది. ప్రాణాన్ని ఇంత చవకగా పణం పెట్టేవాడు రేపు నన్ను ఏమి చేస్తాడన్న కోపం. ఈ దృశ్యాన్ని వీరత్వపు ఘట్టంగా మాత్రమే మెచ్చుకునేవారితో నేను ఏకీభవించను. దుంగ మీద ఒంటరిగా నిలబడ్డ ఓలోఫ్ అప్పటిదాకా ఎలా బతికాడో అలాగే ఉన్నాడు: ఎక్కడా కాలు ఆనకుండా, కింద ఉన్నదాన్ని తొక్కుకుంటూ, ముందుకు. నవలలో పేజీల కొద్దీ వర్ణించిన స్వభావాన్ని స్టిల్లర్ కొద్ది నిమిషాల నీటిలో చూపించేశాడు. నవల నుంచి సినిమా ఏమి పోగొట్టుకుందని లెక్కలు వేసేవారు ఈ ఒక్క దృశ్యం దగ్గర ఆ లెక్కను ఆపేయాలి.

ఇంత చేసినా క్యుల్లిక్కి తండ్రి మనసు మారదు. ఇది కూడా నాకు ఇష్టమైన సంగతి. సాహసం చూసి మురిసి పిల్లనిచ్చే కథ అయి ఉంటే సినిమా అక్కడే అయిపోయేది.

పట్నంలో తొందర పడకండి

పెద్దలు కాదన్నాక పట్నం చేరిన ప్రేమికుడంటే తెలుగువారికి వెంటనే దేవదాసు గుర్తుకు వస్తాడు. శరత్ నవలతో, 1953 నాటి సినిమాతో పెరిగిన మనకు అక్కడి నుంచి కథ ఎలా నడవాలో ఒక అలవాటు ఉంది. నాయకుడు తాగుతాడు, కుంగిపోతాడు, మనం అతడి కోసం ఏడుస్తాం. ఈ సినిమా దగ్గర ఆ అలవాటును కాసేపు పక్కన పెట్టాలి. స్టిల్లర్ మనల్ని ఓలోఫ్ మీద జాలి పడనివ్వడు.

పట్నంలో ఓలోఫ్ ఒక వేశ్యాగృహంలో అడుగు పెడతాడు. అక్కడ ఎదురయ్యే అమ్మాయి, ఒకప్పుడు తాను ముద్దుగా జింక పేరు పెట్టి పిలిచి వదిలేసిన పిల్ల. తరువాత ఏమి జరుగుతుందో చెప్పను, అది చూడవలసినదే. ఎలా చూడాలో మాత్రం చెబుతాను. ఒకరినొకరు గుర్తుపట్టే ఆ క్షణంలో కళ్లను లార్స్ హాన్సన్ మీద పెట్టకండి, ఆమె మీద పెట్టండి. అప్పటి యూరప్ మూకీల్లో తారలు చేతులు విసిరి, గుండెలు బాదుకుని నటించడం మామూలు. స్టిల్లర్ తన నటులచేత శరీరాన్ని బిగబట్టించాడు. ఆమెలో జరిగేది ముఖంలో ముందు, చేతుల్లో తరువాత కనిపిస్తుంది. మొదటి సగంలో ఆ పిల్ల ఎలా నవ్విందో ఇక్కడ మీకు గుర్తుకు రావాలి. రాకపోతే ఆపి, వెనక్కి వెళ్లి ఆ దృశ్యాన్ని చూసి రండి. మొదటి చూపులో ఆపవద్దన్న నియమానికి ఈ ఒక్క చోట మినహాయింపు ఇస్తున్నాను.

ఇక అద్దం దృశ్యం. ఓలోఫ్ అద్దం ముందు నిలబడి తనను తాను చూసుకుంటాడు. సినిమా అంతటా అందరూ అతడిని చూసి మురిసిన ముఖమే అది. ఇప్పుడు అతడే దాన్ని చూడలేకపోతున్నాడు. ఇక్కడ హాన్సన్ నటన కొందరికి ఎక్కువైనట్టు అనిపించవచ్చు. నాకు అనిపించదు. మాటలే లేని చోట ఒక మనిషి తనమీద తాను తీర్పు చెప్పుకోవాలంటే కండరాలే కదా ఆధారం. ఇదే నటుడు తరువాత హాలీవుడ్‌కు వెళ్లి గార్బో సరసన, అక్కడి మూకీ తార లిలియన్ గిష్ సరసన నటించాడు. అక్కడి సినిమాల్లో అతడి ప్రతిభ ఇంకా నిగ్గు తేలి ఉండవచ్చు గానీ, ఈ అద్దం ముందు ఉన్నంత నగ్నంగా మళ్లీ కనిపించలేదని నా అభిప్రాయం.

ఈ దృశ్యం దగ్గరే సినిమాకు, నవలకు పోలిక బాగా కుదురుతుంది. నవల ఓలవిని ఏళ్ల తరబడి, పెళ్లి తరువాత కూడా శిక్షిస్తుంది. సినిమా ఆ శిక్షను పట్నంలోని ఒక్క రాత్రిలోకి కుదించింది. నిడివి కోసం చేసిన సర్దుబాటుగా దీన్ని కొట్టిపారేయడం సులువు. నా దృష్టిలో ఇది ఆలోచించి చేసిన ఎంపిక. సినిమాలో కాలం వేగంగా గడుస్తుంది, పదేళ్ల పశ్చాత్తాపాన్ని తెర మీద చూపితే నీరసంగా ఉంటుంది. ఒక ముఖం మరో ముఖాన్ని గుర్తుపట్టడం మాత్రం తెరకు సొంతమైన సంగతి.

ముగింపును పరీక్షించండి

ఇంటికి తిరిగి వెళ్లిన ఓలోఫ్‌కు తల్లిదండ్రులు కనిపించరు, చనిపోయారు. క్షమాపణ అడగడానికి కూడా ఒక గడువు ఉంటుందని తెలిసే చోటు అది. సినిమా అక్కడ ఎక్కువసేపు ఆగదు, మనం ఆగాలి. తరువాత అతడు క్యుల్లిక్కి ఇంటి గడప దగ్గరకు మళ్లీ వెళతాడు.

ఈ ముగింపు మీద నాకు పూర్తి తృప్తి లేదు. జింక పేరుగల అమ్మాయికి జరిగినదాని తరువాత, ఓలోఫ్‌కు ఇంత త్వరగా కొత్త జీవితం దక్కడం న్యాయమేనా? మీకూ ఈ ప్రశ్న రావాలి. అప్పుడే నవల రెండో సగం తెరవండి. సినిమా ఎక్కడ సుఖాంతం చేసిందో, అక్కడి నుంచి లిన్నన్‌కోస్కి అసలు కష్టాన్ని మొదలుపెడతాడు. సినిమా చూసిన వారంలోపే చదివితే ముఖాలు ఇంకా కళ్లముందు ఉంటాయి. నవలలోని క్యుల్లిక్కికి ఎరాస్టోఫ్ కళ్లు వస్తాయి. సినిమా, నవల ఒకదాన్నొకటి దిద్దుకునే ఇంత మంచి జంట నాకు తెలిసినంతలో అరుదు.

తరువాత ఏమి చూడాలి

రెండు వారాలు గడిచాక స్టిల్లర్ 1921లో తీసిన ‘యోహాన్’ వెతకండి. అది కూడా ఫిన్లాండ్ నవలే, యుహాని అహో రాసిన ‘యుహా’. అందులోనూ ఏటి ఉరవడి ఉంది, కానీ ఈసారి పడవలో పరాయివాడితో వెళ్లిపోయేది ఒకరి భార్య. రెండు సినిమాల్లోని నీటిని పక్కపక్కన పెట్టి చూస్తే స్టిల్లర్ ఎంత ఎదిగాడో తెలుస్తుంది. అదే నవలను ఫిన్లాండ్ దర్శకుడు అకి కౌరిస్మాకి 1999లో మళ్లీ తీశాడు, అదీ మాటలు లేకుండా, నలుపు తెలుపుల్లో. ఎనభై ఏళ్ల దూరంలో ఇద్దరు దర్శకులు ఒకే కథకు ఒకే మౌనాన్ని ఎంచుకోవడం తప్పక చూడవలసినది.

‘ఎర్రపువ్వు పాట’ రీమేకుల్లో ఒక్కటే చూడగలిగితే ట్యూవో టులియో తీసిన 1938 నాటి ఫిన్నిష్ టాకీని ఎంచుకోండి. అక్కడ భావాలన్నీ ఉప్పొంగి ప్రవహిస్తాయి, ఎక్కడా బిగబట్టరు. స్టిల్లర్ ఎంత అణచి తీశాడో ఆ తేడాలో తెలుస్తుంది. 1956 నాటి స్వీడిష్ సినిమాకు దర్శకుడు ఎవరో చూస్తే ఆశ్చర్యపోతారు: 1919లో స్క్రీన్‌ప్లేలో పాలుపంచుకున్న గుస్టాఫ్ మొలాండరే. అప్పటికి ముప్పై ఏడేళ్లు గడిచాయి.

చివరిగా, దొరికిన ప్రతిని విలువగా చూసుకోండి. 1941లో స్టాక్‌హోమ్ దగ్గర స్వీడన్ పెద్ద సినిమా సంస్థ గోదాములో అగ్నిప్రమాదం జరిగి ఎన్నో మూకీల నెగటివ్‌లు కాలిపోయాయి. స్టిల్లర్ తీసినవాటిలో చాలా సినిమాలు ఇవాళ పేర్లుగానే మిగిలాయి. మన పరిస్థితి ఇంకా కష్టం. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ను చూసే అవకాశం మనకు లేదు. మీ ఇంట్లో, మీ ఊరి పాత సినిమా హాలులో, తాతల పెట్టెల్లో పాత రీళ్లు, పాటల పుస్తకాలు, పోస్టర్లు ఉంటే పారేయకండి. రీళ్ల డబ్బాలను ఎండకు, పొయ్యికి దూరంగా పెట్టండి. పాత నైట్రేట్ ఫిలిం చాలా తేలిగ్గా అంటుకుంటుంది, ప్రొజెక్టర్‌లో వేసి చూడాలని ప్రయత్నించకండి. డబ్బా మీద రాసి ఉన్నదాన్ని ఫొటో తీసి పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాయండి.